చిన్న విద్యుత్ కారు – తొలి యజమానుల నిరీక్షణ

క్రొత్త వస్తువును కనిపెట్టినవాని పేరు చరిత్రలో నిలిచిపోతుంది. ఆ వస్తువును చవకగా, సులభంగా అనుభవించే భాగ్యం తరువాతి తరాలకు దక్కుతుంది. కాని ఈ ఇద్దరికీ నడుమ మూడవ వర్గం ఒకటి కలదు. వస్తువు ఇంకా పరిపక్వం కాకమునుపే సొమ్ము చెల్లించి కొని, దాని లోపాలతో కాపురం చేసి, చేతనయినంతవరకు బాగుచేసుకొని, ఆ అనుభవాన్ని లోకానికి అప్పగించినవారు వీరు. వీరిని గురించి వ్రాసేవారు అరుదు. మన దేశంలోనే పుట్టిన ‘రేవా’ అనే చిన్న విద్యుత్ కారును ఆధారంగా చేసుకొని వీరి కథను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

తెలుగు పాఠం చెప్పేవానికి బ్యాటరీలతో పనేమిటని మా విజ్ఞానశాస్త్ర విద్యార్థులు నవ్వవచ్చును. శాస్త్ర విషయాలను మనం మాట్లాడే భాషలో చెప్పుకోలేకపోతే ఆ భాష పద్యాలకూ పెండ్లిపత్రికలకూ మాత్రమే మిగులుతుంది. కనుక ఈ పని నాదే అని భావిస్తున్నాను.

పూర్వచరిత్ర

విద్యుత్ కారు నిన్న మొన్న పుట్టినది కాదు. మరల మరల నింపుకొనదగిన సీసపు బ్యాటరీని ఫ్రాన్సు దేశీయుడైన గాస్టన్ ప్లాంటే 1859లో నిర్మించినాడు. 1900 సంవత్సరంలో అమెరికాలో తయారైన 4,192 కార్లలో 1,681 ఆవిరితోను, 1,575 విద్యుత్తుతోను నడిచేవి. పెట్రోలు కార్లు 936 మాత్రమే. 1912లో కాడిలాక్ కారుకు మీట నొక్కితే ఇంజను కదిలే స్టార్టరు అమర్చడంతో పెట్రోలు కారులోని పెద్ద బాధ తొలగిపోయినది. పెట్రోలు చవక కావడం, దూరప్రయాణాలు పెరగడం తోడై విద్యుత్ కారు మూలపడినది. 1973 నాటి చమురు సంక్షోభం దానిని మరల తట్టి లేపినది. 1974లో ఫ్లోరిడాలో ‘సిటీకార్’ అనే చిన్న బండి వెలువడి, 1977తో ఆగిపోయినది.

రేవా ఆవిర్భావం

1990లో అమెరికాలో విద్యార్థులు నిర్మించిన సౌరశక్తి కార్లకు పందెం జరిగినది. అందులో మిచిగన్ విశ్వవిద్యాలయపు కారు ప్రథమస్థానం గెలుచుకొన్నది. ఆ బృందంలో బెంగుళూరుకు చెందిన చేతన్ మైనీ అనే విద్యార్థి ఉన్నాడు. ఆ విద్యార్థి ప్రయత్నమే ముందుకు సాగి, 1994లో మైనీ కుటుంబ సంస్థకూ అమెరికాలోని అమెరిగాన్ సంస్థకూ ఉమ్మడిగా బెంగుళూరులో రేవా కంపెనీగా రూపొందినది. కారు మాత్రం 2001లో గాని వీధిలోకి రాలేదు. ఏడేండ్లు పట్టినదన్నమాట.

దాని పొడవు సుమారు 2.6 మీటర్లు. మన అంబాసిడరు నాలుగు మీటర్లకు పైబడినది. రెండే తలుపులు, ముందు ఇద్దరు పెద్దలు, వెనుక ఇద్దరు పిల్లలు. క్లచ్ లేదు, గేర్లు మార్చే పని లేదు. ఆసనాల క్రింద ఆరేసి వోల్టుల బ్యాటరీలు ఎనిమిది ఉండేవి. మొత్తం 48 వోల్టులు, 200 ఆంపియర్-గంటలు. రెండింటినీ హెచ్చించి చూడండి: 9,600 వాట్-గంటలు, అనగా మన కరెంటు బిల్లులో 9.6 యూనిట్లు.

ఇక్కడ ఒక వింత గమనింపదగినది. ఒక లీటరు పెట్రోలులో సుమారు 9 యూనిట్ల శక్తి ఇమిడి ఉన్నది. సీసపు బ్యాటరీలోనో, కిలోకు సుమారు 35 వాట్-గంటలే. కావున రెండున్నర క్వింటాళ్లకు మించిన బ్యాటరీలను మోస్తున్న ఈ కారు, నిజానికి ఒక లీటరు పెట్రోలుకు సరిపడే శక్తితో బయలుదేరుతున్నది! అయినను అది నిదానంగా నడిపితే 80 కిలోమీటర్ల వరకు పోగలదని తయారీదారులు చెప్పినారు. పెట్రోలు ఇంజను పట్టణ రద్దీలో తనలోని శక్తిలో ముప్పాతిక భాగానికి పైగా వేడిగా వృథా చేస్తుంది. విద్యుత్ మోటారు తనకు అందినదానిలో అధికభాగాన్ని చక్రాలకు అందిస్తుంది. బండి ఆగినప్పుడు ఏమీ తినదు. వేగం తగ్గించేటప్పుడు కొంత శక్తిని తిరిగి బ్యాటరీకి జమకడుతుంది. ఇదే దాని రహస్యం.

మూడు నిరీక్షణలు

ఉర్దూ మిత్రులు ‘ఇంతెజార్’ అనే మాటను ప్రేమకవిత్వంలో తరచుగా వాడుతారు. విద్యుత్ కారు యజమానికి ఆ మాట మూడు విధాలుగా అనుభవానికి వచ్చినది.

మొదటిది, కారు కొరకు నిరీక్షణ. ప్రయోగశాలలో సిద్ధమైన బండి పరీక్షలు దాటి, అనుమతులు పొంది, అంగడికి వచ్చేవరకు ఆసక్తిపరులు ఏండ్లకొలది ఎదురుచూచినారు.

రెండవది, ప్రతి రాత్రి నిరీక్షణ. గోడకున్న 15 ఆంపియర్ల సాకెట్టు నుండి బ్యాటరీలు పూర్తిగా నిండడానికి దాదాపు 8 గంటలు పట్టేది. సొంత ఇల్లూ, వాకిట సాకెట్టూ ఉన్నవానికి ఇది కష్టం కాదు. మూడవ అంతస్తులో అద్దెకున్నవానికి మాత్రం ఇదే పెద్ద సమస్య.

మూడవది, మేలైన బ్యాటరీ కొరకు నిరీక్షణ. సీసపు బ్యాటరీకి వయస్సు త్వరగా మీరుతుంది. మన ఇండ్లలో మెట్ల క్రింద ఉండే ఇన్వర్టరు బ్యాటరీ ఈ జాతిదే కనుక దాని గుణాలు మనకు తెలిసినవే. స్వేదనజలం తగ్గితే పలకలు పాడవుతాయి. ఛార్జి లేకుండా వదలివేస్తే పలకలపై సల్ఫేటు గట్టిపడుతుంది. పైగా, త్వరత్వరగా శక్తిని లాగితే మొత్తం మీద దక్కేది తగ్గిపోతుంది. ఈ సంగతిని జర్మనీ శాస్త్రజ్ఞుడు పాయికర్ట్ 1897లోనే సూత్రీకరించినాడు. అందుచేత వేగంగా నడిపిన యజమానికి ఆ 80 కిలోమీటర్లు ఎన్నడూ కనబడలేదు. ఎనిమిది బ్యాటరీలలో కలిసి 24 ఘటాలు వరుసగా ఉంటాయి. జోడెడ్ల బండికి ఒక ఎద్దు కుంటిదైతే రెండవది ఎంత బలమైనదైనా ప్రయోజనం లేనట్లు, ఒక్క ఘటం చెడితే వరుస అంతా డీలాపడుతుంది.

లండన్ నగరంలో

రేవాకు స్వదేశంలోకన్నా లండనులో ఎక్కువ పేరు వచ్చినది. 2003 ఫిబ్రవరిలో ఆ నగరం నడిబొడ్డున ప్రవేశించే కార్లపై రోజుకు 5 పౌండ్ల రద్దీ సుంకం విధించినారు. విద్యుత్ కార్లకు ఆనాడు మినహాయింపు ఉన్నది. 2004 నుండి ‘జీ-విజ్’ అనే పేరుతో మన బెంగుళూరు బండి అక్కడ అమ్ముడుపోయినది. కొందరు దానిని మెచ్చినారు. పత్రికలవారు, టెలివిజనువారు బొమ్మకారని పరిహసించినారు.

పరిహాసం వెనుక ఒక యథార్థం కూడా ఉన్నది. ఆనాటి ఐరోపా చట్టం ప్రకారం ఇది పూర్తి కారు కాదు. బ్యాటరీలు గాక 400 కిలోలకు మించని చిన్న నాలుగు చక్రాల వాహనాల తరగతికి చెందినది. ఆ తరగతికి కార్లకు వలె ఢీకొట్టించి చూచే పరీక్షలు నిర్బంధం కావు. 2007లో జరిపిన అటువంటి పరీక్షల్లో దాని రక్షణశక్తి స్వల్పమని తేలినది. తొలి యజమానులు ధనాన్ని మాత్రమే గాక కొంత ప్రాణభయాన్ని కూడా మూల్యంగా చెల్లించినారన్నమాట. ఈ సత్యాన్ని దాచి వారిని పొగడడం న్యాయం కాదు.

మార్పులు – చేర్పులు

సీసపు బ్యాటరీల గడువు తీరిన తరువాత కొందరు యజమానులు వాటి స్థానంలో లిథియం ఘటాలు అమర్చుకొన్నారు. కంపెనీ కూడా 2009లో లిథియం బ్యాటరీతో 120 కిలోమీటర్లు నడిచే రకాన్ని వెలువరించినది. అయితే ఇది పాత బ్యాటరీ తీసి క్రొత్తది పెట్టినంత సులభం కాదు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ ఘటం ఒక్కొక్కటి 3.2 వోల్టులది, 48 వోల్టులకు 15 లేక 16 కావలెను. సీసపు బ్యాటరీ కొంచెం ఎక్కువ ఛార్జిని బుడగల రూపంలో వదలి ఓర్చుకొంటుంది. లిథియం ఘటానికి ఆ ఓర్పు లేదు. ప్రతి ఘటానికీ కాపలాగా ఒక ఎలక్ట్రానిక్ పరికరం ఉండవలసినదే; ఛార్జరును మార్చవలసినదే. ఒకటిన్నర క్వింటాలుకు పైగా బరువు తగ్గుతుంది కనుక స్ప్రింగులను, బ్రేకులను కూడా సరిచూడవలసి ఉంటుంది. మన దేశంలో 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను ప్రకారం అధికారుల అనుమతి లేకుండా ఇటువంటి మార్పులు చేయరాదు. ఉత్సాహం గల విద్యార్థులు ఈ మాటను మరువరాదు.

వారు మిగిల్చినది

2010లో మహీంద్రా సంస్థ రేవా కంపెనీలో అధికభాగం వాటాను కొన్నది. 2012లో పాత నమూనా తయారీ ఆగిపోయి, 2013 మార్చిలో ‘ఈ-టూ-ఓ’ అనే క్రొత్త నమూనా వచ్చినది. తరువాత అదీ నిలిచిపోయినది. వ్యాపార దృష్టితో చూస్తే రేవా గొప్ప విజయం కాదు. కాని సగటు నగరవాసి రోజుకు ఎంత దూరం తిరుగుతాడు, బ్యాటరీ ఎండకు, చలికి ఎట్లు ప్రవర్తిస్తుంది, సాకెట్టు ఎక్కడ ఉండవలెను అనే ప్రశ్నలకు కాగితం మీది లెక్కలు గాక వీధిలోని సమాధానాలు దొరికినవి. ఆ సమాధానాలకు రుసుము చెల్లించినది తొలి యజమానులే.

ఇక మన సంగతి. 2024 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం విద్యుత్ వాహనాలకు రహదారి పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము మినహాయింపును ప్రకటించినది. నేడు మన ఊళ్లలో బ్యాటరీ ఆటోను మొదటగా కొంటున్నది ధనవంతుడు కాడు. అప్పు తెచ్చి కుటుంబాన్ని పోషించే ఆటో డ్రైవరు. లండను యజమానికి బ్యాటరీ చెడితే బస్సు ఉన్నది. మన డ్రైవరుకు బ్యాటరీ చెడిన దినం పొయ్యి వెలగదు; వాయిదా మాత్రం ఆగదు. ప్రయోగపు భారం నేడు అత్యంత బలహీనుని భుజంపై పడుతున్నది. మన విద్యార్థులలో అట్టి ఇండ్ల నుండి వచ్చినవారు లేకపోలేదు.

కావున విద్యార్థులారా, మీ ఇంటివారో ఇరుగుపొరుగువారో అటువంటి బండి కొనబోయేటప్పుడు నాలుగు ప్రశ్నలు అడిగించండి. బ్యాటరీకి పూచీ ఎన్ని సంవత్సరాలు, ఎన్ని కిలోమీటర్లు? ఆ పూచీ కాగితం మీద ఉన్నదా? మార్చవలసి వస్తే ధర ఎంత? పూర్తి బరువుతో ఎంత దూరం పోతుంది? కొన్న పిమ్మట ప్రతి దినం ఎన్ని యూనిట్లు ఎక్కినవి, ఎన్ని కిలోమీటర్లు నడిచినది అని ఒక నోటు పుస్తకంలో వ్రాయించండి. బ్యాటరీ క్షీణించడం ఆ పుస్తకంలో ముందుగా కనబడుతుంది. పూచీ అడిగేనాడు అదే సాక్ష్యమవుతుంది. కళాశాల కమిటీ పెద్దలు భౌతికశాస్త్ర శాఖ ద్వారా ఇటువంటి కొలతలను తెలుగులోను, ఉర్దూలోను నేర్పే ఏర్పాటు చేయగలిగితే, తొలి యజమాని ఒంటరివాడు కాకుండా ఉంటాడు.