కాలేజీలో తప్పు చేస్తే సస్పెన్షన్ ఒక్కటేనా? రాయించడం, సరిదిద్దించడం అనే దారి ఎలా ఉంటుంది?

ఇంటర్‌లో మీరూ రాసే ఉంటారు, 'ఇకపై క్లాసులో మాట్లాడను' అని 100 సార్లు. నేనైతే రెండు పెన్నులకు రబ్బరు బ్యాండు వేసి ఒకేసారి రెండేసి లైన్లు లాగించేవాణ్ని. ఇంపోజిషన్ పూర్తయ్యేసరికి వేళ్లు నొప్పి పుట్టేవి. ఎందుకు రాస్తున్నానో మాత్రం పదో లైను దాటాక గుర్తుండేది కాదు.

నిబంధనలు మీరిన విద్యార్థి చేత మరో రకంగా రాయించే పద్ధతి అమెరికా, కెనడా విశ్వవిద్యాలయాల్లో చాలాకాలంగా ఉంది. ఏం జరిగింది, దానివల్ల ఎవరికి ఏ నష్టం కలిగింది, దాన్ని సరిచేయడానికి నువ్వేం చేస్తావు అని అడుగుతారు. కొన్నిసార్లు రాతతో ఆపకుండా పని కూడా అప్పగిస్తారు. మన దగ్గర ఇలాంటి శిక్షకు యూజీసీ 2015 నిబంధనల్లోనే చోటుంది. అయినా ఆ సంగతి చాలామంది విద్యార్థులకు, తల్లిదండ్రులకు తెలియదు.

ఆలంపూర్ గోడ మీద రెండు పేర్లు

ఒక ఉదాహరణ అనుకుందాం. మహబూబ్‌నగర్ నుంచి డిగ్రీ విద్యార్థుల బస్సు ఒకటి ఆలంపూర్ వచ్చింది. జోగులాంబ దర్శనం అయింది, నవబ్రహ్మ ఆలయాలు చూశారు, తుంగభద్ర ఒడ్డున పులిహోర తిన్నారు. సెకండియర్ కుర్రాడొకడు బండి తాళంచెవితో గుడి గోడ మీద రెండు పేర్లు గీకాడు. ఒకటి తనది, ఇంకొకటి క్లాస్‌మేట్‌ది. కాపలాదారు చూసి కేకేశాడు. ఎవరో ఫొటో తీశారు. సాయంత్రం బస్సు మహబూబ్‌నగర్ చేరేలోపే అది క్లాస్ వాట్సాప్ గ్రూపులో ఉంది.

సోమవారం ప్రిన్సిపల్ గదిలో సాధారణంగా ఏం జరుగుతుంది? 'మీ నాన్నను తీసుకురా', ఒక అపాలజీ లెటర్, 15 రోజుల సస్పెన్షన్. కుర్రాడు 15 రోజులు ఇంట్లో కూర్చుని వస్తాడు. హాజరు 75 శాతం కంటే తగ్గితే స్కాలర్‌షిప్‌కు ఇబ్బంది. గోడ మీద గీత అలాగే ఉంటుంది.

ఇక ఆ రెండో పేరు ఎవరిదో ఆ అమ్మాయి సంగతి? ఆమె గీకలేదు, గీకమని అడగలేదు. కానీ ఫొటో ఊళ్లోకి చేరితే చదువు ఆగిపోయే ప్రమాదం ఉన్నది ఆమెకే. సస్పెన్షన్ ఉత్తర్వులో ఆమె ప్రస్తావనే ఉండదు.

ఈ పద్ధతికి అసలు కీలకం ఇక్కడే ఉంది. 'ఏ రూల్ తప్పాడు, దానికి ఏ శిక్ష' అని మొదలుపెడితే అమ్మాయి కనిపించదు. 'ఎవరికి నష్టం జరిగింది, వాళ్లకు ఇప్పుడు ఏం కావాలి' అని మొదలుపెడితే ముందు కనిపించేది ఆమే, ఆ తర్వాత కాపలాదారు, ఆ తర్వాత గుడి.

అప్పుడేం చేస్తారు?

ముందు ఆమెతో మాట్లాడతారు. అబ్బాయి ఎదురుగా కాదు. ఆమెకు నమ్మకమున్న లెక్చరర్ ఒకరు విడిగా కూర్చుని అడుగుతారు. ఆమె కోరేది చాలా చిన్నదే కావచ్చు. ఆ ఫొటో అందరి ఫోన్లలోంచి తీసేయాలి, ఇంటికి ఫోన్ చేయొద్దు, అతను తనతో మాట్లాడొద్దు అనవచ్చు. అలా అంటే క్షమాపణ లేఖ ఆమె చేతికి ఇప్పించడం కూడా తప్పే. సారీ చెప్పాలన్న తొందర చాలాసార్లు చెప్పేవాడి అవసరమే తప్ప వినేవాళ్లది కాదు.

తర్వాత అబ్బాయి రాయాలి. 'తప్పయింది, మన్నించండి' అని కాదు. గీకేటప్పుడు ఏమనుకున్నావు? ఫొటో గ్రూపులోకి వచ్చాక ఆమె ఆ సాయంత్రం ఎలా గడిపి ఉంటుంది? ఆ గోడ ఎన్నేళ్ల నాటిది? ఈ చివరి ప్రశ్నకు జవాబు వెతికితే బాదామి చాళుక్యుల దగ్గరికి, 7, 8 శతాబ్దాలకు వెళ్లాలి. శ్రీశైలం జలాశయం ముంపులో పోకుండా కూడవెల్లి సంగమేశ్వరాలయం రాళ్లను విప్పి తెచ్చి ఇదే ఆలంపూర్‌లో మళ్లీ నిలబెట్టిన కథ కూడా తెలుస్తుంది. ఒక గుడిని రాయి రాయిగా మోసుకొచ్చిన ఊళ్లో తాను చేసిన పని ఏమిటో అతనికే అర్థమయ్యే అవకాశం ఉంది.

మరి గీత? దాన్ని అతని చేత చెరిపించకూడదు. గరుకు కాగితంతో రుద్దితే రాయి ఇంకా పాడవుతుంది. అది పురావస్తు సంరక్షణ సిబ్బంది పని. అక్కడి అధికారులు ఒప్పుకుంటే నాలుగు ఆదివారాలు ఆ కాపలాదారు పక్కన నిలబడి, గోడలు ముట్టుకోవద్దని వచ్చినవాళ్లకు చెప్పే పని అప్పగించవచ్చు. కేకలేసి గొంతు పోగొట్టుకునే ఆ ఉద్యోగం ఎలా ఉంటుందో తెలుస్తుంది.

ఇంకో సంగతి. రక్షిత కట్టడాన్ని పాడుచేయడం కాలేజీ క్రమశిక్షణతో ముగిసే విషయం కాదు. 1958 నాటి పురాతన కట్టడాల చట్టం కింద, 2010 సవరణ తర్వాత, రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా లేదా రెండూ పడవచ్చు. కాలేజీ ఇచ్చే అసైన్‌మెంట్ ఆ కేసును మాఫీ చేయదు.

ఇది ఎక్కడ పుట్టింది?

ఎక్కువగా చెప్పే కథ కెనడాలోని ఎల్మైరా అనే చిన్న పట్టణానిది. 1974లో ఇద్దరు కుర్రాళ్లు తాగిన మత్తులో ఒకే రాత్రి 22 చోట్ల ఇళ్లు, వాహనాలు, ఆస్తులు ధ్వంసం చేశారు. ప్రొబేషన్ అధికారి సూచనకు జడ్జి ఒప్పుకున్నారు. కుర్రాళ్లు ఆ ఇళ్ల తలుపులు తట్టి, బాధితులను కలిసి, నష్టం ఎంతో తెలుసుకుని, తర్వాత కట్టారు. అలా కోర్టుల్లో మొదలైన పద్ధతి మెల్లగా క్యాంపస్‌లకు వచ్చింది.

క్యాంపస్‌లో పెద్ద పరీక్ష కూడా కెనడాలోనే ఎదురైంది. డల్‌హౌసీ విశ్వవిద్యాలయంలో డెంటల్ చివరి ఏడాది చదివే 13 మంది అబ్బాయిలు ఒక ఫేస్‌బుక్ గ్రూపులో సహవిద్యార్థినుల గురించి అసభ్యంగా రాసిన సంగతి 2014 డిసెంబర్‌లో బయటపడింది. బహిష్కరించాలని బయట ఆందోళనలు జరిగాయి. విశ్వవిద్యాలయం మాత్రం ఆ క్లాసులోని అమ్మాయిల్లో చాలామంది కోరిన పునరుద్ధరణ ప్రక్రియకు వెళ్లింది. అది నెలల తరబడి సాగింది, 2015 మే నెలలో నివేదిక వచ్చింది. మెతక శిక్ష అన్న విమర్శ మాత్రం ఆగలేదు.

మన నిబంధనలు ఏమంటున్నాయి?

ఇక్కడ ఒక వింత ఉంది. ర్యాగింగ్‌పై యూజీసీ 2009 నిబంధనల్లో శిక్షల జాబితా చూడండి. క్లాసుల నుంచి సస్పెన్షన్, స్కాలర్‌షిప్ నిలిపివేత, పరీక్షలకు అనుమతించకపోవడం, ఫలితాలు ఆపడం, హాస్టల్ నుంచి పంపడం, ఒకటి నుంచి నాలుగు సెమిస్టర్ల వరకు రస్టికేషన్, అడ్మిషన్ రద్దు, బహిష్కరణ. అన్నీ విద్యార్థిని బయటికి నెట్టేవే. సరిదిద్దే పని ఒక్కటీ ఆ జాబితాలో లేదు.

అదే యూజీసీ లైంగిక వేధింపులపై తెచ్చిన 2015 నిబంధనల్లో, తప్పు చేసింది విద్యార్థి అయితే తీవ్రతను బట్టి బహిష్కరణ దాకా వెళ్లవచ్చంటూనే, తప్పనిసరి కౌన్సెలింగ్, సమాజ సేవ వంటి సంస్కరణ శిక్షలూ విధించవచ్చని స్పష్టంగా రాసింది.

చట్టం కూడా కొంత అటువైపు కదిలింది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత సమాజ సేవను శిక్షల్లో ఒకటిగా చేర్చింది. మద్యం మత్తులో బహిరంగంగా అల్లరి చేయడం, మొదటిసారి దొరికి సొత్తు తిరిగిచ్చిన 5 వేల రూపాయల లోపు దొంగతనం లాంటి కొద్ది నేరాలకే అది వర్తిస్తుంది.

తెలంగాణలో ఇటీవల చూసిన రెండు ఘటనలు గుర్తుచేసుకోండి. 2023 డిసెంబర్‌లో కాకతీయ విశ్వవిద్యాలయం జూనియర్లను ర్యాగింగ్ చేశారని 81 మంది విద్యార్థినులను వారం పాటు సస్పెండ్ చేసింది. వారం తర్వాత సీనియర్లు అదే క్యాంపస్‌కు వస్తారు, జూనియర్లూ అక్కడే ఉంటారు. వాళ్ల మధ్య ఏం మారాలన్నది సస్పెన్షన్ కాగితం చెప్పలేదు. 2024 నవంబర్‌లో ఖమ్మం ప్రభుత్వ వైద్య కళాశాలలో ఇంకో రకం. ఒక విద్యార్థి హెయిర్ కట్ బాగాలేదంటూ హాస్టల్ బాధ్యతలు చూసే అసిస్టెంట్ ప్రొఫెసరే అతనికి గుండు చేయించారు. ఆ ప్రొఫెసర్‌ను ఆ బాధ్యతల నుంచి తప్పించారు. అవమానించడాన్ని క్రమశిక్షణ అనుకునే అలవాటు మనకింకా పోలేదు.

300 పదాల వ్యాసం గుర్తుందా?

వ్యాసం రాయించడం అనగానే మీకు పుణె గుర్తొచ్చి ఉంటుంది. 2024 మే నెలలో 17 ఏళ్ల కుర్రాడు నడిపిన పోర్షే కారు ఢీకొని ఇద్దరు యువ సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లు చనిపోయారు. గంటల్లోనే జువెనైల్ బోర్డు బెయిల్ ఇచ్చింది, షరతుల్లో ఒకటి రోడ్డు ప్రమాదాలపై 300 పదాల వ్యాసం. దేశమంతా మండిపడింది. రోజుల్లోనే ఆ ఉత్తర్వు మార్చి అతన్ని అబ్జర్వేషన్ హోమ్‌కు పంపారు.

ఆ కోపం న్యాయమైనదే. రెండు ప్రాణాల ముందు 300 పదాలు నిలవవు. పైగా ఆ షరతులో చనిపోయినవాళ్ల కుటుంబాలకు చోటే లేదు. రాసేవాడు, చదివే అధికారి, మధ్యలో ఒక కాగితం. అది ఇంపోజిషన్‌కు పెద్దన్న లాంటిదే. ఇప్పుడైతే ఏఐ యాప్ నిమిషంలో కన్నీళ్లు తెప్పించే పశ్చాత్తాప లేఖ రాసిచ్చేస్తుంది. అందుకే రాత తర్వాత దాని గురించి ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడించడం తప్పనిసరి. భాష మంచిదా కాదా అని మార్కులు వేయకూడదు, తెలుగులో రాస్తానంటే రాయనివ్వాలి.

ఇంకో ఉచ్చు ఉంది. 'సమాజ సేవ' అనగానే కొందరు అధ్యాపకుల చూపు వెంటనే టాయిలెట్ల వైపు వెళ్తుంది. అందరూ చూస్తుండగా కడిగిస్తారు, ఎవరో రీల్ తీస్తారు. రోజూ ఆ పని చేసే పారిశుద్ధ్య సిబ్బందికి దాంతో ఏం చెబుతున్నాం? వాళ్ల ఉద్యోగం ఇంకొకరికి శిక్ష అని. చేసిన తప్పుకు, ఇచ్చిన పనికి సంబంధం ఉండాలి. మెస్‌లో గొడవపడి అన్నం పారబోసినవాడు వంటవాళ్లతో తెల్లవారుజామున కూరగాయలు తరగడంలో అర్థముంది. అతని చేత గ్రౌండ్ ఊడ్పించడంలో లేదు.

మీకో, మీ పిల్లలకో ఇలాంటి అసైన్‌మెంట్ ఇస్తే

ఉత్తర్వు రాతపూర్వకంగా అడగండి. ఎన్ని గంటలు, ఎప్పటిలోగా, ఎవరు చూస్తారు, పూర్తిచేస్తే కేసు ముగిసినట్టేనా, కాండక్ట్ సర్టిఫికెట్‌లో ఏం రాస్తారు, రాసింది ఎవరి దగ్గర ఉంటుంది అన్నవి అందులో ఉండాలి. అసెంబ్లీలో చదివి వినిపిస్తామన్నా, వీడియో తీస్తామన్నా అభ్యంతరం చెప్పండి.

పోలీసు కేసు నడుస్తుంటే మాత్రం ఆగండి. మీరు సొంత చేతితో రాసిన ఒప్పుకోలు సాక్ష్యంగా మారవచ్చు. ముందు లాయర్‌ను అడగండి. ఉచిత న్యాయ సహాయానికి 15100కు ఫోన్ చేయవచ్చు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీ వర్గాలవారికి దీనికి ఆదాయ పరిమితి లేదు.

ర్యాగింగ్ నిరోధక కమిటీ వేసిన శిక్ష అన్యాయం అనిపిస్తే అప్పీలు ఉంది. అనుబంధ కాలేజీ అయితే వైస్ చాన్సలర్‌కు చేసుకోవాలి. అంటే ఆలంపూర్, గద్వాల ప్రాంతాల్లో పాలమూరు విశ్వవిద్యాలయం కింద ఉన్న కాలేజీల విద్యార్థులు మహబూబ్‌నగర్‌కు రాయాలి.

బాధితులు మీరే అయితే, ఎదురెదురుగా కూర్చుని మాట్లాడదాం రమ్మంటే వెళ్లాల్సిన పని లేదు. 'పాపం, వాడి జీవితం పాడవుతుంది' అని ఎవరైనా ఒత్తిడి తెస్తే అది సరిదిద్దడం కాదు, రాజీ చేయించడం. దాడి, లైంగిక వేధింపు లాంటివాటిని వ్యాసంతో సరిపెట్టే అధికారం ప్రిన్సిపల్‌కు లేదు. ర్యాగింగ్ సమాచారం అందాక అది నేరం కిందికి వస్తే 24 గంటల్లో ఎఫ్‌ఐఆర్ పెట్టించాలని 2009 నిబంధనలే చెబుతున్నాయి. కాలేజీ కదలకపోతే యూజీసీ ర్యాగింగ్ హెల్ప్‌లైన్ 1800-180-5522 పగలూ రాత్రీ పనిచేస్తుంది, పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు చేయవచ్చు. మనసు బాగోలేకపోతే టెలి మానస్ 14416కు తెలుగులోనే మాట్లాడవచ్చు.