స్తంభాల మీద మిగిలిన చేతులు

"ఒక్కదాన్నే ఎలా వెళ్తానే?"

మా అమ్మాయితో ఈ మాట అన్నప్పుడు నాకు అరవై ఒక్కేళ్లు. ముప్పై రెండేళ్లు హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెప్పాను. రోమన్ సామ్రాజ్యం ఎందుకు పతనమైందో పిల్లల చేత పాయింట్లవారీగా రాయించాను. కానీ తెనాలి నుంచి గుంటూరు దాటి ఒక్కదాన్నే ఏనాడూ వెళ్లలేదు. ఎక్కడికెళ్లినా ఆయన ముందు, నేను వెనక. టికెట్లు ఆయన జేబులో, మంచినీళ్ల సీసా నా చేతిలో.

ఆయన పోయిన మరుసటేడు మా తమ్ముడి పెద్దకూతురి పెళ్లి జరిగింది. నేను మేనత్తను. పెళ్లికూతుర్ని చేసేటప్పుడు నన్నెవరూ రావద్దనలేదు. అలాగని రమ్మనీ అనలేదు. "వదినా, ఎండగా ఉంది, నువ్వలా ఫ్యాన్ కింద కూర్చో" అంది మరదలు ఎంతో ప్రేమగా. పెళ్లయ్యేదాకా ఆ ఫ్యాన్ కిందే కూర్చున్నాను. ఆ తర్వాత శుభకార్యాలకు వెళ్లడం నాకు నేనే మానుకున్నాను. మోకాళ్ల నొప్పులని చెప్పేదాన్ని.

మా అమ్మాయి ఇటలీలోని బొలోన్యాలో పరిశోధన చేస్తోంది. "నువ్వు పాఠాల్లో చెప్పినవన్నీ ఇక్కడ గోడల మీద ఉన్నాయమ్మా, రెండు నెలలు వచ్చి ఉండు" అని టికెట్ పంపేసింది. తీరా వెళ్లాక తెలిసింది, ఉదయం ఎనిమిదింటికి వెళితే రాత్రికి గానీ ఇంటికి రాదని. చర్చిలు చూడాలంటే నేనే వెళ్లాలి. పూజ గదిలో దీపం పెట్టుకునే నేను చర్చిల చుట్టూ తిరగడమేమిటని మొదట్లో కాస్త సందేహించాను. తీరా చూశాక అనిపించింది, అవి వాళ్ల దేవుడి ఇళ్లే కాదు, ఎన్నో కాలాల మనుషులు తమ కథలు దాచిపెట్టుకున్న ఇళ్లు కూడా అని.

పూర్తికాని ముఖం

మొదట చూసింది ఇంటికి దగ్గర్లోనే ఉన్న సాన్ పెట్రోనియో. 1390లో మొదలుపెట్టారట. ముందువైపు గోడ కింది భాగం తెలుపు, గులాబీ రంగుల చలువరాయి. పైన అంతా ఉత్త ఇటుకలే. చలువరాయి తాపడం సగంలో ఆగిపోయింది. ఆరువందల ఏళ్లు దాటినా అలాగే ఉంది. గృహప్రవేశం నాటికి సున్నాలు వేయలేదని మనం ఎంత బాధపడిపోతాం!

లోపల నేల మీద పొడవాటి గీత ఉంది. దాదాపు 67 మీటర్లు. కాసీనీ అనే ఖగోళ శాస్త్రవేత్త 1655లో గీయించాడు. పైకప్పులోని చిన్న రంధ్రం గుండా పడిన సూర్యబింబం మిట్టమధ్యాహ్నం ఆ గీతను దాటుతుంది. ఎక్కడ దాటిందో చూసి ఏ తేదీయో చెప్పేయవచ్చు. దేవుడి గుడే పంచాంగం అన్నమాట.

ఈ చర్చికి శిల్పాలు చెక్కినవాళ్లలో ఒక ఆడమనిషి ఉందని తెలిసి ఆశ్చర్యపోయాను. పేరు ప్రొపేర్జియా దె రోస్సి. మొదట్లో పండ్ల టెంకల మీద సూక్ష్మంగా బొమ్మలు చెక్కేదట. 1520ల్లో ఆమె చెక్కిన పాలరాతి ఫలకం ఇప్పుడు ఈ చర్చి మ్యూజియంలోనే ఉంది. ఓర్వలేని ఒక చిత్రకారుడు పెద్దల దగ్గర లేనిపోనివి చెప్పడంతో ఆమెకు చాలా తక్కువ డబ్బులిచ్చారని, కళాకారుల జీవితాలు రాసిన వసారి 1550లోనే రాసిపెట్టాడు. కూలి తగ్గించడానికి కాలం, దేశం అడ్డు రావు కాబోలు!

రైల్లో ఒంటరిగా

రెండో వారం మా అమ్మాయి నన్ను రవెన్నా రైలెక్కించింది. గంటా పావు ప్రయాణం. "స్టేషన్ పేరు చూసుకుని దిగమ్మా, అంతే" అంది. ఆ గంటా పావులో టికెట్‌ను ఎన్నిసార్లు తీసి చూసుకున్నానో లెక్కలేదు. దిగి బయట నిలబడ్డాక మాత్రం, సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఎస్.ఎస్.ఎల్.సి. పాసైనంత ఆనందం వేసింది.

రోమన్ సామ్రాజ్యం చివరి రోజుల్లో పశ్చిమ భాగానికి రాజధాని ఈ రవెన్నాయే. ఇప్పుడు చిన్న, నెమ్మదైన ఊరు. ఇక్కడి ఎనిమిది ప్రాచీన కట్టడాలను 1996లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అన్నిటికీ మొజాయిక్ పనే ప్రాణం. గోరంత రంగు గాజు ముక్కలు, రాతి ముక్కలు పక్కపక్కన అతికి బొమ్మలు కట్టడం అన్నమాట. బంగారు రంగు కావాల్సిన చోట గాజు పొరల మధ్య బంగారు రేకు పెడతారు. ముక్కలన్నీ ఒకే మట్టంగా ఉండవు. అందుకే మనం ఒక అడుగు పక్కకు వేస్తే గోడంతా కదిలినట్టు మెరుస్తుంది.

నక్షత్రాల కింద ఐదు నిమిషాలు

గల్లా ప్లాచీదియా సమాధి మందిరం బయటి నుంచి చూస్తే పాత ధాన్యపు కొట్టులా ఉంటుంది. ఇదా ఇంత పేరున్నది అనుకుంటూ తల వంచుకుని లోపలికి వెళ్లాను. కిటికీలకు అద్దాలు లేవు, పలచటి పాలరాతి పలకలు. వాటిలోంచి తేనెరంగు వెలుతురు. కళ్లు అలవాటు పడ్డాక పైకి చూశాను. ముదురు నీలం ఆకాశం, నిండా బంగారు చుక్కలు! పదిహేను వందల ఏళ్లకు పైగా ఒక్క రాత్రి కూడా తెల్లవారని ఆకాశం.

ఎవరీ గల్లా ప్లాచీదియా? రోమన్ చక్రవర్తి కూతురు. 410లో విసిగోతులు రోమ్‌ను కొల్లగొట్టాక ఆమె వాళ్ల చేతుల్లో బందీ. 414లో వాళ్ల రాజునే పెళ్లాడింది. పుట్టిన బిడ్డ పసితనంలోనే పోయాడు. మరుసటేడు భర్తను చంపేశారు. ఆ తర్వాత వచ్చినవాడు ఆమెను బందీలతో కలిపి తన గుర్రం ముందు పన్నెండు మైళ్లు నడిపించాడు. మళ్లీ పెళ్లయింది, ఆ భర్తా 421లో పోయాడు. 425లో ఆరేళ్ల కొడుకు చక్రవర్తి అయితే, వాడి తరఫున పన్నెండేళ్లపాటు రాజ్యం నడిపింది ఈ తల్లే.

క్లాసులో పతనానికి కారణాలు ఏడు రాయించాను గానీ, ఈమె పేరు ఒక్కసారైనా చెప్పానా అని గుర్తుచేసుకున్నాను. చెప్పలేదు. 450లో ఆమె రోమ్‌లో పోయింది, ఇక్కడ ఆమె శరీరం లేదనే ఎక్కువమంది చరిత్రకారులు అంటారు. అయినా పేరు మాత్రం ఆమెదే నిలిచింది. లోపల ఉండనిచ్చేది ఐదు నిమిషాలే. నేను ఆ ఐదు నిమిషాలూ తల పైకెత్తే ఉన్నాను. మెడ పట్టేసింది.

మహారాణి చీరంచు

అదే ఆవరణలో సాన్ వితాలే ఉంది. ఎనిమిది మూలల చర్చి. 547 ప్రాంతంలో పూర్తయింది. లోపల ఒక గోడ మీద జస్టీనియన్ చక్రవర్తి, ఎదురుగా థియొడోరా మహారాణి. ఎలుగుబంట్లను మేపేవాడి కూతురు, నాటకాల్లో ఆడిన పిల్ల. అలాంటివాళ్లను పెద్దింటివాళ్లు పెళ్లాడకూడదనే చట్టం ఉంటే, ఆ చట్టాన్నే మార్పించి జస్టీనియన్ ఆమెను చేసుకున్నాడు.

ఆ బొమ్మ ముందు అరగంట కూర్చున్నాను. ఊదారంగు వస్త్రం, భుజాల దాకా వేలాడే ముత్యాలు. అంచులో కానుకలు పట్టుకెళ్తున్న ముగ్గురు జ్ఞానుల బొమ్మలు, మన పట్టుచీర అంచులో హంసల్లాగా! వెనకున్న చెలికత్తెలు ఒక్కొక్కరి బట్ట ఒక్కో నేత, ఒక్కో రంగు. మా ఊళ్లో చీరల కొట్టులో కూడా అంత శ్రద్ధగా చూడలేదు. ఆమె గానీ, జస్టీనియన్ గానీ ఈ ఊరికి ఎప్పుడూ రాలేదని అంటారు. 548లో ఆమె పోయింది.

తుడిచేసినా పోనివి

రైలుకు ఇంకా టైముంది కదాని స్టేషన్‌కు వెళ్లే దారిలోని సాంత్ అపోల్లినారె నువోవోలోకి తొంగిచూశాను. ఆ రోజంతటిలో నా మనసులో నాటుకుపోయింది అక్కడ చూసిందే.

థియొడొరిక్ అనే ఓస్ట్రోగోతుల రాజు ఆరో శతాబ్దం మొదట్లో కట్టించుకున్న చర్చి ఇది. ఎడమ గోడ మీద ఇరవై ఇద్దరు కన్యలు వరసగా నడుస్తుంటారు. ప్రతి ఒక్కరి తల పైనా పేరు రాసి ఉంది. ఆగ్నెస్ కాళ్ల దగ్గర గొర్రెపిల్ల. ఎదురు గోడ మీద మగవాళ్ల వరస.

కుడివైపు గోడ చివర ఒక రాజభవనం బొమ్మ. స్తంభాల మధ్య తెల్లటి తెరలు వేలాడుతున్నాయి. మామూలుగానే ఉందనుకుని కదలబోతూ చూశాను. ఒక స్తంభం మీద చెయ్యి. మనిషి లేడు, ఉత్త చెయ్యే! ఇంకో స్తంభం మీద ఇంకొకటి.

సంగతేమిటంటే, ఆ స్తంభాల మధ్య మొదట థియొడొరిక్ కొలువువాళ్లు నిలబడి ఉండేవారు. వాళ్లది క్రైస్తవంలోనే వేరే శాఖ. 540లో బైజాంటియం వాళ్లు ఊరిని పట్టుకున్నాక ఆ శాఖ గుర్తులు ఉండకూడదని ఆ మనుషులను తీయించేసి, ఆ చోట తెరలు అతికించారు. కానీ స్తంభాల మీదికి చాచిన చేతులను తీస్తే స్తంభాలు పాడవుతాయి కదా! అవి అలాగే ఉండిపోయాయి.

వాళ్లు వీళ్ల శత్రువులు, పైగా రాజులు. వాళ్ల గొడవ వేరు. అయినా ఆ చేతులు చూస్తుంటే నాకు పెళ్లిపందిట్లో ఫ్యాన్ గుర్తొచ్చింది. నా ముందూ ఎవరో మెత్తగా ఒక తెర దించారు. తెర అందంగానే ఉంది. మరి నా చెయ్యి ఎక్కడుంది? ఇరవై ఏళ్లు ఆ పిల్లకు జడలు వేసిన చెయ్యి, ఎక్కాలు నేర్పిన చెయ్యి? అది ఇంకా ఆ ఇంటి స్తంభం మీదే ఉంది. దాన్ని వెనక్కి తీసుకున్నది వాళ్లు కాదు, నేనే.

నల్ల ముసుగు మనిషి

చివరి వారం మా అమ్మాయి సెలవు పెట్టి పాదువా తీసుకెళ్లింది. అక్కడి స్క్రొవేన్యీ చాపెల్‌ను జొత్తో అనే చిత్రకారుడు 1305 ప్రాంతానికి నేల నుంచి కప్పు దాకా బొమ్మలతో నింపేశాడు. కప్పు మళ్లీ నీలం, మళ్లీ చుక్కలు.

కథ మొదలయ్యేది మరియమ్మ తల్లిదండ్రులతో. పిల్లలు లేరని యువాకిమ్ అనే ముసలాయనను గుళ్లోంచి గెంటేస్తున్నారు. మన ఊళ్లో ఎన్ని ఇళ్లలో చూడలేదు! తర్వాత, బిడ్డ పుట్టబోతోందని తెలిసి భార్య అన్న ఊరి వాకిట్లో ఆయనకు ఎదురొస్తుంది. ముసలి మొగుడూ పెళ్లాలు ఒకరి మొహం ఒకరు పట్టుకుని ముద్దు పెట్టుకుంటారు. వెనక ఆడవాళ్లు నవ్వుతున్నారు. వాళ్ల మధ్య ఒకామె మాత్రం నల్లటి ముసుగును సగం మొహం మీదికి లాక్కుని నిలబడింది.

ఆమె ఎవరనేదానికి తలా ఒక మాట చెబుతారు. నాకు మాత్రం తెలిసిన మనిషిలాగే అనిపించింది. ఒక్కటి గమనించాను. ఆమె ఆ సంతోషం మధ్యలోనే ఉంది, పక్కన ఎక్కడో ఫ్యాన్ కింద లేదు.

మీరు వెళితే...

* భుజాలు, మోకాళ్లు కనపడని బట్టలు వేసుకోవాలి. మన చీర, చుడీదార్ భేషుగ్గా సరిపోతాయి. పట్టీ లేని చెప్పులొద్దు, రాళ్లు పరిచిన వీధుల్లో జారతాయి.
* స్క్రొవేన్యీ చాపెల్‌కు ముందే టికెట్ బుక్ చేసుకోవాలి. గాలి, తేమ అదుపు చేసే గదిలో పావుగంట కూర్చోబెట్టి, తర్వాత చిన్న బృందంగా పంపుతారు. చూసేది పావుగంటే, ఆలస్యంగా వెళితే అదీ ఉండదు.
* రవెన్నాలో పైన చెప్పిన మూడింటికీ కలిపి ఒకే టికెట్ దొరుకుతుంది. గల్లా ప్లాచీదియాకు వేళ ముందే ఎంచుకోవాలి.
* కొన్ని చర్చిలు మధ్యాహ్నం మూసేస్తారు. పొద్దున్నే వెళ్లడం మంచిది. ప్రార్థన జరుగుతుంటే తిరగకూడదు, వెనక బల్ల మీద కూర్చోవచ్చు.
* రైలుకు కాగితం టికెట్ కొంటే ఎక్కేముందు మెషీన్లో ముద్ర కొట్టించుకోవాలి. లేకపోతే జరిమానా.
* రోజుకు రెండు చూస్తే చాలు. పది చూసి ఫొటోలు నింపుకునేకంటే ఒక్కచోట అరగంట కూర్చోండి.

వచ్చి నాలుగు నెలలైంది. ఈ మాఘంలో తమ్ముడి రెండో కూతురి పెళ్లి. మొన్న ఫోన్ చేసినప్పుడు, "ఒరేయ్, ఈసారి పెళ్లికూతుర్ని చేసేటప్పుడు నేను వెనక కూర్చోను, మేనత్తగా నా పీట నాకు వేయించు" అన్నాను. కాసేపు మాట్లాడలేదు వాడు. ఫోన్ మరదలు అందుకుంది.

"పోయినసారి నువ్వు లేచి వస్తావేమోనని చూశాను వదినా. రమ్మంటే బాధపడతావేమోనని భయపడ్డాను" అంది.

ఇద్దరం ఒకరికోసం ఒకరం తెర పట్టుకుని కూర్చున్నామన్నమాట!