పొలములోని ప్రశ్న – పరిశోధనా క్షేత్రము

అద్దంకి ప్రాంతమున మిరప వేసిన రైతునకు 2021వ సంవత్సరమును జ్ఞప్తి చేయ నక్కరలేదు. ఆ యేట నల్ల తామరపురుగు పూతలో జేరి, కాయ నిలువనీయలేదు. అంతకు పూర్వము 1987-88లో తెల్లదోమ ప్రత్తిని పాడుచేయగా, అప్పుల బాధకు తాళలేక ఈ జిల్లాల రైతులు కొందరు ప్రాణములు తీసికొనిరి. ఇట్టి వేళ “విశ్వవిద్యాలయమువా రేమి చేయుచున్నారు?” అని అడుగుట సహజమే. కాని ఆ ప్రశ్నను పరిశోధనగా మార్చుటలో మన పాలు కూడ కలదని మా మనవి.

గుంటూరు చేరువనున్న లాం క్షేత్రము ఆచార్య ఎన్‌.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయమునకు చెందినది. ఎల్‌.సి.ఎ. 334 వంటి మిరప రకములు అచటనే రూపొందినవి. అద్దంకికి పడమట, దర్శిలో ఈ విశ్వవిద్యాలయమువారిదే కృషి విజ్ఞాన కేంద్రము కలదు. పరిశోధన, విస్తరణ సలహా మండలి సమావేశములలో రైతుల సమస్యలు చర్చకు వచ్చును. అచటికి మన మెట్టి ప్రశ్నను గొనిపోవలెను?

“పురుగు పోవలెను” అనుట కోరిక మాత్రమే. “చేను చుట్టును రెండు సాళ్ళు జొన్న వేసినచో మిరపపూతలో తామరపురుగు తగ్గునా?” అనునది పరిశోధనకు నిలుచు ప్రశ్న. దీనిని తేల్చుటకు ఒకే రకము, ఒకే అదనున నాటిన రెండు చేలు కావలెను. ఎరువు, మందు రెండింటికిని సమానము. జొన్న యొక్కటే తేడా. ఏ చేనికి జొన్న వేయవలెనో చీటీ తీసి నిర్ణయింపవలెను. లేకున్న మంచి చేనికే వేయ బుద్ధిపుట్టును. వారమునకొకసారి పూలలోని పురుగులను లెక్కించి వ్రాయవలెను. ఒక్క ఊరి ఫలితము నేలగుణము వలననో, గాలివాటున నుండుట వలననో కలిగియుండవచ్చును. కావున నాలుగైదు ఊళ్ళలో ఇట్లే జరుపవలెను.

ఇందొక చిక్కు కలదు. పరీక్షకు విడిచిన చేను దెబ్బతిన్నచో నష్ట మెవరిది? కౌలురైతునకు ఎకరములో నాల్గవవంతు పోయినను భారమే. నష్టము నెవరు భరింతురో విత్తుటకు ముందే వ్రాసికొననిచో, పరిశోధన పేరిట పేదవానిపై బరువు మోపినట్లగును.

కొన్ని పనులు ఒక్కరితో తీరవు; పురుగునకు గట్టు లేదు. జెమిని వైరస్‌ను తెల్లదోమ నారుమడి నుండియే వ్యాపింపజేయును. పదిమంది కలిసి సన్నని వలక్రింద ఉమ్మడి నారుమడి పెంచుట గ్రామస్థు లందరును పూనుకొనదగిన పని. స్థల మెవరిది, నీ రెవరు పెట్టుదురు, వల చిరిగిన బాగుచేయువా రెవరు – వీనికి సమాధానములు ప్రతిపాదనలోనే యుండవలెను. గ్రామానుభవమునకై పల్లెలలో బసచేయు వ్యవసాయ కళాశాల విద్యార్థులు లెక్కలు వ్రాయుటకు తోడ్పడగలరు.

చివరకు జొన్నవరుస వలన మేలు కలుగలేదని తేలినను, ఆ మాటను రచ్చబండ వద్ద చెప్పవలెను. పనికిరాని దానిపై మరియొకడు డబ్బు పోయకుండ నాపుటయు పరిశోధన ఫలమే కదా! రాబోవు పైరుకు ముందే మీ ఊరి ప్రశ్న నొకదానిని కాగితముపై పెట్టుడని కోరుచున్నాము.