‘చాలెంజ్ ఓటు’ మెసేజ్: పదాలు నిజం, కథ అబద్ధం

ఈ మెసేజ్ 2019 ఎన్నికల్లో తిరిగింది. 2024లో మళ్లీ తిరిగింది. వచ్చేసారి కూడా మన గ్రూపుల్లోకి రాకుండా ఉండదు. ఏందంటే, లిస్టులో పేరు లేకున్నా ఆధార్ చూపించి సెక్షన్ 49ఏ కింద ‘చాలెంజ్ ఓటు’ వేయొచ్చంట. మన ఓటు ఇంకెవరో వేసేసుంటే ‘టెండర్ ఓటు’ అడగాలంట. అవి 14 శాతం దాటితే రీపోలింగ్ అంట!

ఒక్కొక్కటే చూద్దాం. లిస్టులో పేరు లేకుంటే ఏ కార్డు చూపించినా ఓటు లేదు. చాలెంజ్ ఓటు అనేది ఉంది, కానీ అది మనం అడిగేది కాదు. వచ్చిన మనిషి అసలు ఓటరు కాదని పోలింగ్ ఏజెంట్ 2 రూపాయలు కట్టి అభ్యంతరం చెప్పడం అది. 49ఏ అనేది ఈవీఎం ఎట్లుండాలో చెప్పే రూల్. టెండర్ ఓటు నిజంగానే ఉంది. బ్యాలెట్ పేపర్ మీద వేయించి, కవర్‌లో విడిగా పెడతారు. 14 శాతం రూల్ మాత్రం ఎక్కడా లేదు.

మరి వాట్సాప్ దీన్ని ఎందుకు తీసేయలేదు? చాట్లు ఎన్‌క్రిప్ట్ అయి ఉంటాయి కాబట్టి లోపల ఏముందో కంపెనీ చదవలేదు. 2024 మే 6న ఎన్నికల సంఘం ఫేక్ పోస్టుల్ని 3 గంటల్లో తీసేయాలని చెప్పింది, కానీ అది పార్టీలకు, వాళ్ల దృష్టికి వచ్చిన పోస్టులకు. ఫ్యామిలీ గ్రూపులో తిరిగేదాన్ని ఎవరు చూస్తారు? ఎక్కువసార్లు ఫార్వర్డ్ అయితే రెండు బాణాల గుర్తు పడుతుంది, 2020 ఏప్రిల్ నుంచి ఒకసారికి ఒక్క చాట్‌కే పంపగలం. బాగుంది. కానీ కాపీ చేసి పేస్ట్ చేస్తే ఆ గుర్తే మాయం. పైగా ఇందులో తిట్టు లేదు, పార్టీ పేరు లేదు. సాయం చేస్తున్నామనుకొనే జనం పంపుతారు.

నష్టం ఎవరికో చెప్తా. కోసిగి, మంత్రాలయం వైపు నుంచి గుంటూరు మిరప కోతలకి, బెంగళూరు పనులకి పోయేటోళ్లు ఉన్నారు. ఇంటికి తాళం ఉందని పేరు పోయిందో లేదో వాళ్లకి తెలీదు. ఈ మెసేజ్ నమ్మి చెక్ చేసుకోరు. కూలి వదులుకొని, బస్సు చార్జీ పెట్టుకొని పోలింగ్ రోజు ఊరికొస్తే బూత్ దగ్గర ‘పేరు లేదు’ అంటారు. ఫారం-6 గడువు నామినేషన్ల ముందే అయిపోయుంటుంది. అప్పుడు చేసేదేం లేదు.

అందుకే ఇప్పుడే ఎన్నికల సంఘం యాప్‌లో మీ పేరు, ఇంట్లో అవ్వ, తాత పేర్లు చూడండి. లేదంటే 1950కి ఫోన్ కొట్టండి. ఆ మెసేజ్ మీ గ్రూపులోకి వస్తే, పంపినాయన్ని తిట్టొద్దు. “అన్నా, లిస్టులో పేరు లేకుంటే ఓటు లేదు, ఈ రోజే చెక్ చేసుకోండి” అని దాని కిందే ఒక్క లైన్ పెట్టండి. ఆ గ్రూపులో మోడరేటర్ అంటూ ఉంటే అది మీరే.