ఆవకాయ కంటే ముందు టీకా

నైజీరియాలోనో ఉగాండాలోనో ఉద్యోగం వచ్చిందంటే మన ఇళ్ళలో మొదట కదిలేది ఆవకాయ జాడీ. టీకా సంగతి మాత్రం ప్రయాణం నాలుగు రోజులుందనగా గుర్తుకొస్తుంది. అప్పటికి ఆలస్యమైపోయినట్లే. ఎల్లో ఫీవర్ టీకా వేయించుకున్న పది రోజులకుగాని సర్టిఫికెట్టు చెల్లదు. అదీ ఇంటిపక్క డాక్టరు దగ్గర కాదు. హైదరాబాదులో నారాయణగూడ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ వంటి గుర్తింపు ఉన్న కేంద్రాలలోనే వేయించుకోవాలి.

ఎల్లో ఫీవర్‌ను పచ్చజ్వరం అనుకోవచ్చు. (మనకు పసుపూ పచ్చే, ఆకూ పచ్చే, ఇక్కడిది పసుపు.) జబ్బు ముదిరితే కళ్ళు పచ్చబడతాయి. దాన్ని కుదిర్చే మందంటూ లేదు. అది దోమవల్ల వస్తుందని 1881లో క్యూబా వైద్యుడు కార్లోస్ ఫిన్లే చెబితే నమ్మినవారు తక్కువ. 1900లో వాల్టర్ రీడ్ బృందం రుజువు చేశాక నమ్మక తప్పింది కాదు. 1937లో టీకా తయారుచేసిన మాక్స్ థైలర్‌కు 1951లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఆ జ్వరం మన దేశంలో లేదు. అయినా మనవాళ్ళకు ఇంత పట్టుదల ఎందుకంటారా? దాన్ని మోసే ఈడిస్ దోమ మన పూలకుండీల నీళ్ళలోనే దర్జాగా కాపురం చేస్తోంది. డెంగ్యూ తెచ్చేదీ అదే. అందుకే ఆ దేశాలనుంచి సర్టిఫికెట్టు లేకుండా దిగినవారిని ఆరు రోజులదాకా విడిగా ఉంచుతారు. పూర్వం పదేళ్ళకోసారి పొడిపించుకోవలసివచ్చేది. 2016 జూలైనుంచి ఒక్క టీకా జన్మకంతటికీ చెల్లుతుంది. సాధారణంగా తొమ్మిది నెలలు నిండని పసివాళ్ళకు వేయరు. గర్భిణులు, కోడిగుడ్డు బొత్తిగా పడనివారు, అరవై దాటినవారు ముందుగా డాక్టరుతో మాట్లాడాలి.

టీకా అయింది, ఇక భయమేమిటనుకుంటేనే చిక్కు. మలేరియా వేరు, దాని దోమ వేరు. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ సికిందరాబాదులో ఏ జాతి దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడో, ఆ అనాఫిలిస్ రాత్రిపూట కుడుతుంది. ఈమధ్య వచ్చిన మలేరియా టీకాలు అక్కడి చిన్నపిల్లలకోసం; ప్రయాణికులకు మాత్రలూ దోమతెరే గతి. మాత్రలు బయలుదేరకముందే మొదలుపెట్టి, తిరిగివచ్చాక కూడా డాక్టరు చెప్పినన్నాళ్ళు మింగాలి. “దోమలు మాకు చిన్నప్పటినుంచీ అలవాటేనండీ” అనే పెద్దమనుషులు ప్రతి ఇంటా ఉంటారు. ఆ అలవాటు అక్కడ అక్కరకు రాదు. ఆఫ్రికాలో ఎక్కువగా కనిపించే ఫాల్సిపేరం మలేరియా, వైద్యం ఆలస్యమైతే కొద్ది రోజుల్లోనే ప్రాణం తీయగలదు.

సెలవుకు ఇంటికొచ్చిన అల్లుడికి నెలా రెండు నెలలలో జ్వరం తగిలితే, నీరు మారిందని కషాయంతో సరిపెట్టకండి. డాక్టరు అడగకపోయినా, ఏ దేశంనుంచి వచ్చాడో మొదటి మాటగా చెప్పి, ఆ రోజే రక్తపరీక్ష చేయించండి.