తెలియని మాటను విప్పి చూడడం ఎలా?

 

పాలక సభ పెట్టిన ప్రతిసారీ ఒక మాట వింటుంటాం. "ఇంట్ల మంచిగనే మాట్లాడుతడు సార్, పుస్తకం తెరిస్తె అర్థమైతలేదంటడు." దత్తనగర్ నుంచి వచ్చినవాళ్ళూ ఇదే అంటారు, విడి ఘర్‌కుల్ నుంచి వచ్చినవాళ్ళూ ఇదే అంటారు. దాని వెనకాల వచ్చే ప్రశ్న కూడా మాకు తెలుసు, మీడియం మారిస్తే ఎట్లా ఉంటుందని. మీడియం సంగతి పెద్ద చర్చ, ఇక్కడ పెట్టుకోను. కానీ పుస్తకంలో మాటలు అర్థం కాకపోవడం మీడియం మార్చగానే పోయేది కాదు. ఏ భాషలోనైనా పై తరగతులకు వెళ్ళేకొద్దీ పుస్తకంలో మాటలు వేరు, ఇంట్లో మాటలు వేరు అవుతాయి. ఆ కొత్త మాటను ఎట్లా పట్టుకోవాలో నేర్చుకున్న పిల్లవాడు ఎక్కడైనా నెగ్గుకొస్తాడు.

మన పిల్లలు ఇప్పుడు చేస్తున్నది ఏమిటంటే, గైడు వెనక ఉన్న అర్థాల పట్టిక బట్టీ పట్టడం. పరీక్ష అయ్యేదాకా ఉంటుంది, తర్వాత పోతుంది. వంద మాటలు బట్టీ పడితే వందే వస్తాయి. ఒక మాటను విప్పడం నేర్చుకుంటే దాని చుట్టాలన్నీ దానితో పాటే వస్తాయి.

సైన్సులో పిల్లలు భయపడే మాట ఒకటి తీసుకుందాం. కిరణజన్య సంయోగక్రియ. చూడడానికి కొండలా ఉంది. నాలుగు ముక్కలు చేయండి. కిరణం అందరికీ తెలుసు. జన్య అంటే పుట్టిన, అందుకే జన్మ, జననం. సంయోగం అంటే కలయిక. క్రియ అంటే పని. వెలుతురు కిరణాల వల్ల పుట్టే కలయిక అనే పని. నీళ్ళు, కార్బన్ డయాక్సైడు ఎండ సాయంతో కలిసి ఆకులో ఆహారం అవుతాయని పాఠం చెప్పేది అదే కదా! సగం పాఠం ఆ పేరులోనే ఉంది. లెక్కల్లో సమాంతర చతుర్భుజం కూడా ఇంతే. ఒక్క చిక్కు ఏమిటంటే, మన ఇంట్లో భుజం అంటే గూడ. సంస్కృతంలో చెయ్యి కూడా భుజమే, బొమ్మకు పక్కన ఉండే గీత కూడా భుజమే. అది చెప్పకపోతే త్రిభుజానికి మూడు భుజాలేమిటని పిల్లవాడికి సందేహం రావడం న్యాయమే.

ఇట్లా విప్పేటప్పుడు మూడు చోట్ల చూడాలి. మధ్యలో ఉన్న అసలు ముక్క ధాతువు. ముందు తగిలే చిన్న ముక్క ఉపసర్గ. వెనక తగిలేది ప్రత్యయం. సంస్కృతంలో ఉపసర్గలు 22 అని వ్యాకరణంలో చదువుతాం. అన్నీ ఒక్కరోజే కంఠస్థం చేయనక్కరలేదు, ఒక్క ధాతువు పక్కన పెట్టి చూస్తే అవే పనిచేయడం కనిపిస్తుంది. గ్రహ్ అనే ధాతువు ఉంది. పట్టుకోవడం అని అర్థం. సూర్యుణ్ణి రాహువు పట్టుకుంటాడని మన పెద్దలు అనుకున్నారు కాబట్టి అది గ్రహణం. పాఠాన్ని మనసు పట్టుకుంటే గ్రహించడం. సం అంటే ఒకచోటికి, అందువల్ల సంగ్రహం అంటే పోగు చేయడం. ప్రశ్నపత్రంలో "సంగ్రహంగా వ్రాయండి" అంటే పాఠమంతా దించమని కాదు, ముఖ్యమైనది ఒక్కచోట పోగు చేయమని. నిగ్రహం అంటే అణచి పట్టుకోవడం. వి అంటే విడిగా, సమాసాన్ని విడదీసి చెప్పేది విగ్రహవాక్యం. గుడిలోని విగ్రహం కూడా ఈ ఇంటి మాటే, విడిగా కనిపించే రూపం అని.

ఇక ఆగ్రహం. ఇక్కడ షోలాపూర్ పిల్లలకు ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. తెలుగులో ఆగ్రహం అంటే కోపం. మరాఠీ వాళ్ళింట్లో భోజనానికి కూర్చుంటే ఇంకో భాకరీ తినమని "ఆగ్రహ" చేస్తారు. అది కోపం కాదు, పట్టుబట్టడం. అయితే సత్యాగ్రహం అంటే ఏమిటి? తెలుగు అర్థం పట్టుకుంటే సత్యం మీద కోపం అవుతుంది, పాఠమే తలకిందులు! అక్కడ మరాఠీ అర్థమే సరి. సత్యాన్ని గట్టిగా పట్టుకుని విడవకపోవడం. ధాతువు తెలిసినవాడికి ఏ భాష అడ్డం రాదు.

సత్యాగ్రహం అన్నాం కాబట్టి మన ఊరి చౌకులో రోజూ చదివే మాటను కూడా విప్పుదాం. చార్ హుతాత్మా. 1930 మే నెలలో గాంధీగారిని అరెస్టు చేశాక షోలాపూర్ అట్టుడికిపోయి, సర్కారు మార్షల్ లా పెట్టింది. ఆ కేసుల్లో మల్లప్ప ధనశెట్టి, జగన్నాథ్ శిందే, కిసన్ సారడా, అబ్దుల్ రసూల్ కుర్బాన్ హుసేన్ గార్లను 1931 జనవరి 12న యెరవాడ జైల్లో ఉరితీశారు. వాళ్ళ విగ్రహాలు చూడని పిల్లవాడు మన బడిలో ఉండడు. కానీ హుతాత్మ అంటే ఏమిటని అడిగితే చాలామంది "చంపబడినవాళ్ళు" అంటారు. హత అనే మాటతో కలిపేసుకుంటారు. హత్య, హతుడు వేరే ధాతువు. హుత అంటే హోమంలో వేసినది. ఆహుతి, హోమం దాని చుట్టాలు. తనను తాను ఆహుతి ఇచ్చినవాడు హుతాత్ముడు. తెలుగు పుస్తకాల్లో ఎక్కువగా అమరవీరుడు అని రాస్తారు. ఒక చిన్న కొమ్ము తేడాతో చంపబడడానికీ, తనను తాను ఇచ్చుకోవడానికీ మధ్య ఎంత దూరం ఉందో చూడండి.

మళ్ళీ మరాఠీ సంగతికి వస్తాను, మన బస్తీల్లో అసలు కథ అక్కడే ఉంది. మన పిల్లలకు ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ, సినిమాలో హిందీ. ఈ మూడింటిలోనూ సంస్కృతం మాటలు ఉన్నాయి. అది పెద్ద ఆస్తి. హైదరాబాదులో తెలుగు చదివే పిల్లవాడికి లేని ఆస్తి. కానీ ఒకే మాట మూడు ఇళ్ళల్లో మూడు కాపురాలు చేస్తుంది. అడ్మిషన్ ఫారంలో మరాఠీలో "వడిలాంచా వ్యవసాయ్" అని ఉంటుంది. తండ్రి వృత్తి ఏమిటని ప్రశ్న. అదే పిల్లవాడు తెలుగు భూగోళంలో "మనది వ్యవసాయ దేశం" అని చదివితే వ్యాపార దేశం అనుకుంటాడు. తెలుగులో వ్యవసాయం అంటే సేద్యమే. మరాఠీలో ఉద్యోగ్ అంటే మిల్లులు, కార్ఖానాలు. తెలుగులో ఉద్యోగం అంటే నౌకరీ. తెలుగులో వస్త్ర పరిశ్రమ అంటే మన చాదర్ల, టవల్ల కార్ఖానాలన్నీ కలిపి. మరాఠీలో పరిశ్రమ్ అంటే ఒళ్ళొంచి కష్టపడడం.

తమాషా ఏమిటంటే, వ్యవసాయం, ఉద్యోగం, పరిశ్రమ ఈ మూడింటికీ సంస్కృతంలో మొదటి అర్థం దాదాపు ఒక్కటే. పట్టుదలతో చేసే ప్రయత్నం, శ్రమ. తెలుగువాళ్ళు ఒక శ్రమను పొలానికి, ఒక శ్రమను ఆఫీసుకు, ఒక శ్రమను కార్ఖానాకు పంచిపెట్టారు. మరాఠీ వాళ్ళు వేరేగా పంచుకున్నారు. ఈ సంగతి ఒకసారి చెప్తే ఏడో తరగతి పిల్లలు కూడా మరిచిపోరు. శిక్ష కూడా ఇట్లాంటిదే. నేర్చుకోవడం అనే ధాతువు నుంచి వచ్చింది. హిందీలో శిక్షా అంటే చదువు, మరాఠీలో శిక్షణ్ అంటే చదువు, తెలుగులో శిక్షణ అంటే ట్రైనింగు, శిక్ష అంటే దండన. ఒక్కోసారి పిల్లల ముఖాలు చూస్తే హిందీ అర్థం, తెలుగు అర్థం రెండూ ఒకటే అనుకుంటున్నారని నాకు అనిపిస్తుంది! పైన నేను వాడిన పాలక సభ కూడా అంతే. మరాఠీలో పాలక్ అంటే తల్లిదండ్రులు. తెలుగు పాఠంలో పాలకులు అంటే రాజ్యం ఏలేవాళ్ళు. రెండింటికీ మూలం పాల్, కాపాడడం. గోపాలుడు, పరిపాలన, మన మహానగరపాలిక అందరూ ఆ ఇంటివాళ్ళే.

మరి ఏ అర్థం ఎక్కడ తీసుకోవాలి? దానికి వాక్యాన్నే అడగాలి. ముందు మాట, వెనక మాట, ఆ తర్వాతి వాక్యం. వ్యవసాయ దేశం అన్నాక వానలు, నేలలు, పంటలు వస్తే అది వ్యాపారం కాదని తేలిపోతుంది. ఈ రెండు వాక్యాలు చూడండి. "నూలు దొరకక ఆ ఏడు మగ్గాలన్నీ మూలబడ్డాయి. కూలి లేక, పొయ్యి వెలగక ఇంటింటా పస్తులు." మూలబడ్డాయి, పస్తులు అనేవి తెలియవనుకుందాం. మూల అంటే ఇంటి మూల, పడ్డాయి లోని పకారం బకారమైంది. మగ్గం మూలకు పడిందంటే పని ఆగింది. నూలు దొరకక అని ముందే కారణం చెప్పింది కూడా. ఇక్కడ సంస్కృతం మూలం అనుకుంటే చెడిపోతాం, మరాఠీ మూల్ అనుకుంటే చంటిపిల్లాడు వస్తాడు. పస్తులు అనే మాటలో విప్పడానికి ఏమీ లేదు. కానీ పొయ్యి వెలగలేదంటే ఇంట్లో ఏం జరిగిందో ఎవరికి తెలియదు? తినకుండా ఉండడం. నిఘంటువు తీయకుండానే అర్థం వచ్చింది. తర్వాత నిఘంటువు తీసి సరిచూసుకోవాలి, అది మానొద్దు. ఊహ ఒక్కోసారి తప్పుతుంది.

ఇప్పటిదాకా సంస్కృతం మాటలు ఎక్కువ చెప్పాను. అచ్చ తెలుగు మాటలకు కూడా వేర్లు, తోకలు ఉన్నాయి. అవి మన ఇళ్ళల్లోనే దొరుకుతాయి. నేయు అనే క్రియకు త చేర్చితే నేత. అట్లాగే కోయు, కోత. మేయు, మేత. పూయు, పూత. వ్రాయు, వ్రాత. చేత్తో నేస్తే చేనేత, మరతో నేస్తే మరనేత. ఆ చే పట్టుకుంటే చేయూత, చేదోడు, రిపోర్టు కార్డు కింద మీరు పెట్టే చేవ్రాలు కూడా తెలిసిపోతాయి. మోయు నుంచి మోత వస్తుంది, అది బరువు. మ్రోయు నుంచి కూడా మోత వస్తుంది, అది చప్పుడు. "ఛార్జీల మోత" అని పేపర్లో పడితే బరువు. "సాంచల మోతల ఏం ఇనొస్తలేదు" అని మీ అమ్మ అంటే చప్పుడు. నేత అనే మాట కూడా రెండు వైపులా ఉంది. "నేత కార్మికులతో నేత మాట్లాడారు" అంటే మొదటిది మన నేయు, రెండోది నడిపించేవాడు, నాయకుడి చుట్టం. ఎన్నికలప్పుడు ఈ వాక్యం మన పేటల్లో బాగానే పనికొస్తుంది.

పిల్లలకు నేను ప్రత్యేకంగా చెప్పేది ఒకటి. మీ తాతలు పడుగు, పేక, నాడె, కండె, ఆసు అన్నారు. మీరు తాణా, బాణా, ధోటా, కాండీ అంటున్నారు. రెండూ తెలిసి ఉండడం మంచిదే. కానీ తాతల మాటలు చదువురాని మాటలు అనుకోకండి. భద్రిరాజు కృష్ణమూర్తిగారి వంటి పెద్ద భాషా శాస్త్రవేత్త ఆధ్వర్యంలో సాహిత్య అకాడమీ వృత్తిపదకోశాలు వేసింది. మొదటిది వ్యవసాయం మీద 1962లో, రెండోది చేనేత మీద 1971లో. పండితులు నేతపనివాళ్ళ దగ్గరికి వెళ్ళి అడిగి రాసుకున్న మాటలు అవి. ఒకే వస్తువుకు ఊరూరికీ పేరు మారడం కూడా అందులో కనిపిస్తుంది. కండె తెలిసిన పిల్లవాడికి మొక్కజొన్న కండె అనే మాట చెప్పకుండానే తెలుస్తుంది, ఆ రెంటి ఆకారం చూడండి! ఇంట్లో "యాదికి పెట్టుకో" అంటాం. మరాఠీలో యాదీ అంటే లిస్టు. మరిచిపోకుండా రాసుకునేది కాబట్టి లిస్టు అయింది. రెండూ పార్శీ యాద్ నుంచే.

తల్లిదండ్రులకు తెలుగు చదవడం రాకపోయినా ఫర్వాలేదు. బీడీలు చుడుతూ కూడా చేయగలిగిన పని ఇది. పిల్లవాడు ఒక మాట దగ్గర ఆగితే "దాని అర్థం ఏంది?" అని గద్దించకండి, తెలియకనే కదా ఆగింది. "అండ్ల నీకు తెలిసిన ముక్క ఏది?" అని అడగండి. తర్వాత ఆ వాక్యం మళ్ళీ ఒకసారి పైకి చదవమనండి. ఫోనులో అర్థం వెతికే ముందే ఈ రెండూ జరగాలి. ఫోను అర్థం చెప్తుంది, కానీ ఆగ్రహానికి ఏ అర్థం ఈ వాక్యంలో సరిపోతుందో పిల్లవాడే తేల్చుకోవాలి.

ఆరో తరగతి నుంచి పదో తరగతి వరకు ప్రతి శనివారం చివరి పీరియడ్ దీనికి కేటాయించాం. ప్రతి విద్యార్థి వంద పేజీల నోటుబుక్కు ఒకటి వేరుగా తేవాలి. ఒక పేజీకి ఒక ధాతువు. మొదటి వారం శ్రమ్. పరిశ్రమ, శ్రామికుడు, ఆశ్రమం, విశ్రాంతి అనే నాలుగు మాటలు ఇంటి దగ్గరే విప్పుకుని రావాలి. విశ్రాంతి మరాఠీలో కూడా విశ్రాంతే, అక్కడ చిక్కు లేదు. ఇంట్లో తాతగారో అమ్మమ్మగారో ఉంటే మగ్గం మాటలు అయిదు అడిగి, ఆ నోటుబుక్కు చివరి పేజీలో రాసుకుని రావాలి.