లేపగలిగినదే మీ పడవ

తెరచాప పడవ నడపాలని ముచ్చటపడేవారు మొట్టమొదట అడిగే ప్రశ్న, "ఏ పడవ కొనమంటారు?" అని. పెళ్లిచూపులు కాకముందే పుట్టబోయే పిల్లవాడికి బడి వెతికినట్లుంటుంది ఇది. కొనడం ఆఖరు సంగతి. అయినా అడిగారు గనక జవాబు ముందే చెప్పేస్తాను. బోల్తాపడితే మరొకరి సాయం లేకుండా మీరు లేపి నిలబెట్టుకోగలిగిన పడవ ఏదో, అదే మీ పడవ. పొడవూ, రంగూ, ధరా ఆ తరవాత చూసుకోవచ్చు.

'బోల్తా' అన్న మాట వినగానే సగంమంది పేజీ తిప్పేస్తారని తెలుసు. మా ఇంట్లోనూ అంతే అయింది. మా అమ్మాయికి పదకొండో ఏడు నడుస్తూండగా, హుస్సేన్ సాగర్‌లో పడవ నేర్చుకుంటానని పట్టుపట్టింది. మా అమ్మ జాతకం బయటికి తీసింది.

"దీనికి జలగండం ఉందని సిద్ధాంతిగారు రాసిపెట్టారు. సంపు మూత తీస్తే ఆ ఛాయలకే పోనివ్వలేదు నేను. ఇప్పుడు నువ్వు చెరువు మధ్యకి పంపుతావుట్రా?"

జాతకంతో వాదించి గెలిచినవాడెవడు? నేను ఊరుకున్నాను. మా ఆవిడ మాత్రం, "ముందు ఈత నేర్పిద్దాం అత్తయ్యా, తరవాత సంగతి తరవాత" అన్నది. జలగండం ఉన్న పిల్లకు ఈత వద్దనడం అమ్మకు కూడా సాధ్యం కాలేదు.

మా ఆవిడ మాటే శాస్త్రసమ్మతం. ఆగకుండా యాభై మీటర్లు ఈదగలగాలి. వేసుకున్న బట్టలతో కంగారు లేకుండా నీళ్లమీద తేలగలగాలి. అంతవరకు పడవ జోలికి పోకూడదు. ఈత వచ్చినా లైఫ్ జాకెట్ తప్పదు, జాకెట్ ఉన్నా ఈత తప్పదు.

ఇబ్రహీం కుతుబ్ షా ఏలుబడిలో, 1562 ప్రాంతంలో తవ్వించిన చెరువు హుస్సేన్ సాగర్. మంచినీటికోసం తవ్వించిన ఆ చెరువు నీళ్లు ఇప్పుడు ఎంత కంపుకొడతాయో నగరవాసులకు నేను చెప్పనక్కరలేదు. ఇంటికి రాగానే పిల్లలకు తలంటక తప్పదు. కాని గాలి విషయంలో ఆ చెరువు గొప్ప గురువు. చుట్టూ ఉన్న మేడల సందుల్లోంచి గాలి ఒక్కసారి తోసుకొస్తుంది, మరుక్షణం ఆగిపోతుంది, దిక్కు మార్చుకుంటుంది. ఇక్కడ నేర్చినవాళ్లకు నిలకడైన సముద్రపు గాలి నల్లేరుమీద బండినడక. వానాకాలంలో దేశం నలుమూలలనుంచీ పందేలకు వస్తారు. సికిందరాబాద్ సెయిలింగ్ క్లబ్, 2009లో ఏర్పడిన యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ ఈ గట్టునే ఉన్నాయి. బడుగు కుటుంబాల పిల్లలను చేరదీసి నేర్పిన పేరు యాట్ క్లబ్‌కు ఉన్నది. ఇది జమీందార్ల వినోదం కాబోలుననుకునేవారు ఓ ఆదివారం పొద్దున వెళ్లి చూడవచ్చు.

పిల్లలకిచ్చే మొదటి పడవ పేరు ఆప్టిమిస్ట్, అంటే ఆశావాది. 1947లో అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో, క్లియర్‌వాటర్ అనే ఊళ్లో, క్లార్క్ మిల్స్ అనే పడవల నిపుణుడు దీన్ని రూపొందించాడు. మామూలు ఇళ్ల పిల్లలకు అందుబాటులో ఉండేలా, ప్లైవుడ్ పలకలతో చెయ్యగలిగిన చిన్న పడవ కావాలని ఆ ఊరి ఆప్టిమిస్ట్ క్లబ్‌వారు అడిగారట. క్లబ్బు పేరే పడవకూ వచ్చింది. ముక్కు కోసేసినట్లుండే ఆ ముందుభాగంతో చూడడానికి అచ్చం స్నానాల తొట్టి! పొడవు 2.3 మీటర్లు, బరువు 35 కిలోలు. ఉన్న ఒకే ఒక్క తెరచాప ఒంటిమంచం దుప్పటి అంత, 3.3 చదరపు మీటర్లు. పదిహేనేళ్లవరకు దీంట్లోనే పందేలు. ఇంత చిన్నదేమిటని పెదవి విరవకండి. చిన్నది గనకనే పిల్ల చేతికి లొంగుతుంది.

రెండోవారంలో బోల్తా పాఠం వచ్చింది. కోచ్ కావాలనే తిరగెయ్యమన్నాడు. మోటారు పడవ పదిగజాల దూరంలోనే ఉంది. గట్టుమీద నిలబడ్డ తండ్రికి అవేవీ కనపడవు. తెరచాప నీళ్లమీద పరుచుకుపోయింది. పిల్ల తల కనపడలేదు. ఆరు అంకెలు లెక్కపెట్టాను. ఏడో అంకెకు పడవ అవతలనుంచి ఒక చెయ్యి పైకి వచ్చింది.

ఆ చెయ్యి పట్టుకున్నది పడవ నడుమ చీలికలోంచి కిందికి దించే పలకను. బోల్తాపడ్డ పడవకు ప్రాణం ఆ పలకలోనే ఉన్నది. పడవ అడుగువైపుకు ఈదుకుంటూ వెళ్లి, దాన్ని పట్టుకుని బరువంతా వేలాడదియ్యాలి. చాలకపోతే ఎక్కి నిలబడాలి. స్తంభం మెల్లిగా లేస్తుంది, తెరచాప నీళ్లు కారుస్తుంది, ఒక్కసారిగా పడవ నిటారవుతుంది. ఇక ఎక్కి, తాడుతో కట్టి ఉంచిన డబ్బాతో నీళ్లు తోడుకోవడమే. మునిగిపోకుండా లోపల గాలిసంచులుంటాయి. గుర్తుంచుకోవలసిన నియమం ఒక్కటి: ఏం జరిగినా పడవను వదిలి ఒడ్డుకు ఈదకూడదు. చెరువు మధ్య తల ఒక్కటీ ఎవరికీ కనపడదు. పడవ అందరికీ కనపడుతుంది.

నాలుగుసార్లు తిరగేసి నాలుగుసార్లు లేపిందాకా మా అమ్మాయిని ఒడ్డుకు రానివ్వలేదు. ఆ తరవాత దానికి భయం పోయింది. నాకు పోవడానికి ఇంకొక నెల పట్టింది.

పెద్దవాళ్ల మాటకొద్దాం. బ్రూస్ కిర్బీ 1969లో గీసిన లేజర్ పడవ 1971లో అంగట్లోకి వచ్చింది, 1996లో ఒలింపిక్స్‌కెక్కింది. పొడవు నాలుగు మీటర్లకు కాస్త ఎక్కువ, బరువు సుమారు 59 కిలోలు. ఒకే మనిషి నడుపుతాడు. ఇప్పుడు పందేల్లో దీన్ని ఇల్కా అంటున్నారు. దీనిలోని తెలివి చూడండి. పడవ ఒక్కటే, తెరచాపలు మూడు. ఎనభై కిలోల మనిషికి ఏడు చదరపు మీటర్లది. అంతకన్న తేలికైనవారికి, ఎక్కువగా ఆడవాళ్లకు, 5.7 చిల్లరది, ఎదిగే పిల్లలకు 4.7ది. స్తంభం కింది ముక్క, తెరచాప మారిస్తే సరి. బోల్తాపడి లేచాక దీనిలో నీళ్లు వాటంతట అవే పోతాయి. ఇద్దరు కలిసి నేర్చుకునేవారికి, 1956లో జాక్ హోల్ట్ రూపొందించిన నీలి తెరచాపల ఎంటర్‌ప్రైజ్ ఉన్నది. ఒకరు చుక్కాని, ఒకరు ముందు తెరచాప. దంపతులకు నేను దీన్ని సిఫార్సు చెయ్యను. నీళ్లమధ్య పోట్లాడుకుంటే లేచిపోవడానికి పక్కగది ఉండదు.

నేర్చుకోవడంలో అసలు కష్టం ఎదురుగాలి. మన భాషలో 'గాలివాటం మనిషి' అంటే నిలకడ లేనివాడు. గాలి వీచినవైపే పోయే పడవను చూసి పుట్టిన మాట కావచ్చు. నిజానికి తెరచాప పడవ గాలికి ఎదురు కూడా పోగలదు, తిన్నగా మాత్రం కాదు. గాలి వచ్చే దిక్కుకు ఇటు నలభైఅయిదు, అటు నలభైఅయిదు డిగ్రీల మేర దానికి నిషిద్ధ ప్రాంతం. కనక మెట్లదారిలాగ కుడికొకసారి, ఎడమకొకసారి మళ్లుతూ పైకి పోవాలి. పక్కకు కొట్టుకుపోకుండా ఆపేది ఇందాక చెప్పిన పలకే. మొదటి రోజుల్లో గాలిని పక్కనుంచి తీసుకుంటూ నడపడం తేలిక. గాలి వీపునుంచి వస్తున్నప్పుడు జాగ్రత్త. తెరచాప అడుగున ఉండే అడ్డకర్ర ఒక్కసారి అటునుంచి ఇటు విసురుగా తిరుగుతుంది. తల వంచనివాడికి బొప్పి ఖాయం.

భాష ఎత్తాను గనక మరొక్క ముక్క. తెరచాపలో 'చాప' ఉన్నది చూశారా? గుడ్డ తెరలకు ముందు అల్లిన చాపలే గాలిని పట్టేవనుకుంటాను. చుక్కాని అరబ్బు నావికుల 'సుక్కాన్'. యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేలమీద రెండు స్తంభాల ఓడ ఉన్నది. ఇంత పరిచయం ఉన్న జాతిలో మనం మాత్రం పిల్లలను గట్టుమీదే నిలబెడుతున్నాం. సముద్రమే లేని మధ్యప్రదేశ్‌లో, భోపాల్ చెరువులో నేర్చుకున్న రైతు బిడ్డ నేహా ఠాకూర్, 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో చిన్న తెరచాప లేజర్‌మీద రజతం తెచ్చింది. అప్పుడా అమ్మాయికి పదిహేడేళ్లు.

ఇక కొనడం. మొదటి సంవత్సరం క్లబ్బు పడవలమీదే గడపండి. కొత్త లేజర్ ధర మోటార్‌సైకిల్‌ను దాటి కారువైపు చూస్తుంది, పైగా దాన్ని అపార్టుమెంటు మెట్లమీద పెట్టుకోలేం. రెండో ఏడు కూడా మోజు తగ్గకపోతే పాతపడవ చూడండి. మెరుగును చూసి మోసపోకండి. ఇద్దరు పట్టి ఎత్తి ఊపితే లోపల నీళ్లు గలగలమనకూడదు. స్తంభం దిగే గుంత చుట్టూ బొటనవేలితో నొక్కితే మెత్తగా లోపలికి పోకూడదు. తెరచాప కొత్త కాగితంలాగ గరగరలాడాలి. పాతచీరలాగ జారిపోతే దాని ఖరీదు బేరంలో తగ్గించి అడగండి. చివరగా ఆ గుంతనిండా నీళ్లు పోసి పావుగంట ఆగండి. మట్టం దిగిందా, అమ్మేవారికి ఒక దండం పెట్టి వచ్చెయ్యండి.